అంటు

తమిళనాడులో ధర్మపురి నుంచి పెన్నాగరం పోయే దారిలో, బస్సు కాస్త నెమ్మదించే ఒక మలుపు దగ్గర మామిడి నర్సరీ ఉంది. మధ్యాహ్నం పూట ఆ మలుపు తిరిగే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు రోజూ ఒకే దృశ్యం కనబడేది. నడివయసు దాటిన ఒక ఆవిడ అన్నం క్యారియరు పట్టుకుని రోడ్డు దాటి, గేటు తోసుకుని లోపలికి పోయేది. నల్ల కవర్లలో వరసగా నిలబెట్టిన మొక్కల మధ్య ఒక పెద్దాయన ముఖానికి తువ్వాలు చుట్టుకుని పని చేసుకుంటూ ఉండేవాడు. 'ఈ కాలంలో కూడా మొగుడికి వేళకు అన్నం తెచ్చిపెట్టే ఇల్లాలు ఉందే!' అని చూసినవాళ్ళు మెచ్చుకునే ఉంటారు.

మెచ్చుకోవలసిందే. అన్నం ఒక్కరోజూ వేళ తప్పలేదు. కానీ బస్సు ముందుకు సాగిపోయాక జరిగేది వాళ్ళకు తెలియదు. నీళ్ళతొట్టి గట్టు మీద ఆయన కంచం ఉండేది. ఆవిడ ఆ కంచానికి గిన్నె అంచు తగలకుండా, పైనుంచి అన్నం జారవిడిచి, పులుసు పోసి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేది. తిన్న కంచం ఆయనే కడుక్కుని బోర్లించుకునేవాడు. ఆవిడ దాన్ని తాకేది కాదు.

ఆయన పేరు దొరసామి. ఆవిడ ఆయన భార్య మీనాక్షమ్మ. పాఠకులు తొందరపడి ఆవిడను రాతిగుండె మనిషి అనుకోవద్దు. అలా వెనక్కి జరిగి, ఆయన తింటున్నంతసేపూ కొంగుతో కళ్ళు ఒత్తుకునేదీ ఆవిడే. ఇంత ప్రేమ ఉండి కూడా ఒక మనిషిని అంత దూరం ఎలా పెట్టగలిగారన్నదే నేను చెప్పబోయే సంగతి.

దొరసామి పూర్వీకులు తెలుగుసీమ నుంచి ఏ కాలంలో వచ్చారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం, చదవడం ఎవరికీ రాదు. దొరసామికి తమిళంలో కూడా సంతకం వరకే వచ్చు. వచ్చిన విద్య మాత్రం ఒకటుంది. మామిడి టెంక మొలకెత్తి పిల్లమొక్క అయ్యాక, దాని తల కోసి, చీల్చి, ఆ చీలికలో సెందూరానో మల్గోవానో మంచి జాతి కొమ్మముక్క దూర్చి, గట్టిగా చుట్టి కట్టేస్తాడు. కొన్నాళ్ళకు రెండూ అతుక్కుని ఒకే చెట్టుగా ఎదుగుతాయి. ఈ పనిని తమిళంలో 'ఒట్టు' అంటారు. అక్కడి తెలుగువాళ్ళూ అదే మాట అంటారు. దొరసామి కట్టిన ఒట్టు ఎండిపోవడం అరుదు. దానికి తోడు మంచి మాటకారి. బేరానికి వచ్చినవాణ్ణి కాసేపు నవ్వించనిదే మొక్క చేతికిచ్చేవాడు కాదు.

ఆ మాటకారికి ఒక వానాకాలంలో కుడి ముక్కు బిగుసుకుపోయింది. జలుబన్నారు. అప్పుడప్పుడు చీమిడిలో నెత్తురు చార కనిపించేది. వేడి చేసిందన్నారు. తర్వాత పైపన్ను ఒకటి కదిలింది, చెంప ఉబ్బింది. పంటి డాక్టరు దగ్గరికి పోతే ఆయన చూసి, ఇది పంటి సంగతి కాదు, సేలం పొమ్మన్నాడు. ముక్కు పక్కన, చెంప ఎముక లోపల అందరికీ ఒక గాలిగది ఉంటుందట. అందులో కాన్సర్ పుట్టి పెరిగింది. సేలంలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. గడ్డతో పాటు చెంప ఎముకా, కుడివైపు పైదవడా, అంగిట్లో సగమూ, ముక్కులో ఒక పక్కా తీసేయవలసి వచ్చింది. ప్రాణం దక్కింది.

ప్రాణం దక్కాక బతకడం వేరే పని. అంగిలికి పెద్ద రంధ్రం పడింది. నోట్లో పెట్టుకున్న అన్నం ముక్కులోంచి వచ్చేది. ఆ రంధ్రానికి అడ్డంగా పెట్టుకోమని ఆస్పత్రిలో ఒక పలక ఇచ్చారు. కరెంటు వైద్యం, అదే రేడియేషన్, అయ్యాక పుండు మానుతూ నోటి ఆకారం మారింది, ఆ పలక ఒరుసుకుని నెత్తురొచ్చేది. దాన్ని తీసి ఒక డబ్బాలో పెట్టేశాడు. ఆ ప్రాంతంలో నీళ్ళు తాగితే చెంబు ఎత్తి, పెదవి తగలకుండా నోట్లో పోసుకుంటారు. దొరసామి తల ఎత్తితే నీళ్ళు నేరుగా ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరి అయ్యేవాడు. అందుకని గ్లాసు అంచు పెదవికి ఆనించి, తల వంచి, గుక్కగుక్కగా తాగడం నేర్చుకున్నాడు. ఆ గ్లాసు ఎవరూ ముట్టుకోని గ్లాసు అయింది. షెడ్డు కిటికీలో ఒంటరిగా ఉండేది.

మాట కూడా పోయింది. అసలు మాటే రాదని కాదు, గొంతు నిండుగానే వచ్చేది. కానీ నోట్లో నిలవాల్సిన గాలి ముక్కులోంచి జారిపోతే మాట రూపు మారిపోతుంది. బువ్వ అంటే మువ్వ అని వినబడేది. మనవరాలు నందితను ఆ ఇంట్లో అందరూ 'పాప' అనే పిలుస్తారు. తాత పిలిస్తే అది 'మామ' అయ్యేది. ఇంకా బడికి పోని పిల్ల, మొదట్లో పడిపడి నవ్వింది. "నేను మామనా? అమ్మ నిన్నే గదా తాతా మామా అంటాది!" అంది. దొరసామి కూడా నవ్వాడు. ఆ తర్వాత పిల్లను ఆయన దగ్గరికి రానివ్వడం మానేశారు.

ఆస్పత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకే కొడుకు లోకనాథన్ నర్సరీ షెడ్డులో మంచం వేయించాడు, ఫ్యాను పెట్టించాడు. "ఈడైతే నీకు గాలి బాగుంటాది నాయనా" అన్నాడు, నేల చూస్తూ. దొరసామి తల ఊపాడు. తన ముఖం తనకు తెలుసు. కుడి కన్ను కిందికి జారింది, చెంప లోపలికి పోయింది, ముక్కు ఒక పక్కకు కూలింది. పిల్ల జడుసుకుంటుందేమో, చుట్టాలు వస్తే కోడలికి నామోషీయేమో. అలా అనుకుని తువ్వాలు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే అర్థమయ్యే నోరు లేదు కదా.

రోజంతా మొక్కలతోనే. కొనడానికి వచ్చినవాళ్ళు ఆయనతో కాక పనిమనిషి మారియాయితో బేరమాడి పోయేవాళ్ళు. ఆయన మాట్లాడబోతే కొందరు చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచేవాళ్ళు. సాయంత్రం హొగెనకల్ జలపాతం చూసి తిరిగివచ్చే బస్సుల్లో జనం పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళు. రోడ్డుకు అవతలి పక్క తన ఇంట్లోనే దీపం వెలిగేది, పాప అన్నం తిననని మారాం చేయడం వినబడేది. ఇక్కణ్ణుంచి పిలిస్తే వినబడేంత దూరమే. పిలిస్తే 'మామ' అని వస్తుందని ఆయన పిలిచేవాడు కాదు. ఎన్నో ఏళ్ళు కాపురం చేసిన ఇల్లు రోడ్డుకు అటు పక్కన ఉంటే, ఇటు పక్కన కూర్చుని దాని చప్పుళ్ళు వినడం ఎంత కష్టమో విన్నవాడికే తెలుస్తుంది.

పదిమంది మధ్య కూర్చుని తినాలి, ఆ పిల్లను ఒకసారి సరిగా పిలవాలి. ఆయనకు మిగిలిన కోరికలు ఇవే.

ఒక ఆదివారం నందిత ఎవరి కన్నూ పడకుండా రోడ్డు దాటి వచ్చేసింది. దొరసామి అప్పుడే కోసిన కొమ్మముక్కలను తడిగుడ్డలో చుడుతున్నాడు. పిల్ల నేరుగా వచ్చి ఆయన మోకాలి మీద చేతులు ఆనించి, తువ్వాలు పట్టి లాగింది. ఆయన ఆపేలోపు అది జారిపోయింది. పిల్ల ఆ ముఖాన్ని కాసేపు చూసింది. జడుసుకోలేదు. పడిపోయిన చెంప మీద వేలు పెట్టి, "నొప్పా తాతా?" అని అడిగింది.

దొరసామి తల అడ్డంగా ఊపాడు.

అంతలో కోడలు శాంతిప్రియ పరుగున వచ్చింది. పిల్లను రెక్క పట్టి లాక్కుని తొట్టి దగ్గరికి పోయి, సబ్బు పెట్టి ఆ చిన్న చేతులు కడిగింది. ఒకసారి కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగింది. పిల్ల ఏడుస్తోంది. శాంతిప్రియ కూడా ఏడుస్తోంది. "తప్పుగా అనుకోవద్దు మామా" అని మాత్రం అని, పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది.

దొరసామి అక్కడే కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నదానికీ ఇప్పుడు చూసినదానికీ పొంతన కుదరలేదు. ముఖం చూసి జడుసుకుంటుందని అయితే పిల్ల కళ్ళు మూయాలి గానీ చేతులు కడగడం దేనికి?

మధ్యాహ్నం మీనాక్షమ్మ అన్నం తెచ్చి, ఎప్పటిలాగే పైనుంచి వడ్డించి వెనక్కి జరిగింది. దొరసామి కంచం ముట్టుకోలేదు. తొట్టివైపు చూపించాడు. సబ్బు రుద్దినట్టు రెండు చేతులూ రుద్ది చూపించి, ఎందుకన్నట్టు చెయ్యి తిప్పాడు.

మీనాక్షమ్మ ముఖం మాడిపోయింది. "అన్నం తినయ్యా, ఆరిపోతాది" అంది.

ఆయన కంచాన్ని పక్కకు నెట్టేశాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన అన్నం నెట్టేయడం ఆవిడ చూడలేదు. అంతే, ఇన్నాళ్ళు లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"మేమేమన్నా కావాలని చేస్తామా అయ్యా? ఆ సేలం డాక్టరమ్మే చెప్పె గదా, అంటు అని! నీకు కట్టు మార్చను లోపలికి తీసుకోని పోయినారు, లోకు మందులు తేను పోయినాడు, నేనూ శాంతీ ఉంటిమి. ఆయమ్మ మన తెలుగు విని, మీరూ తెలుగోళ్ళేనా అని నా చెయ్యి పట్టుకున్నాది. కరెంటు పెట్టేది ముగిసి, రోగం మళ్ళీ లేదని తేలినాక అంటు కట్టాల, మర్చిపోవద్దు, అంటు కట్టకపోతే ఆయనకే గాదు, ఇంట్లో అందరికీ కష్టం అని చెప్పినాది. పసిబిడ్డ ఉండే ఇల్లు గదా. ముగిసేదాకా ఏమిటికి ఉండాల, ఇప్పుడే కట్టేస్తామని నిన్ను దూరం పెట్టి అంటు కట్టినాము. నీకు చెప్తే మనసు ఇరిగిపోతాదని చెప్పలే."

దొరసామి కదలకుండా విన్నాడు. 'అంటు' అన్న చోట ఆయన ముఖం బిగుసుకుంది. 'అంటు కట్టాల' అన్న చోట కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ చెప్పమని చేత్తో సైగ చేశాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది, అంటు కట్టాల అని.

ఆయనకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. తొలివానలకు చిత్తూరు వైపు నుంచి లారీలు వచ్చేవి, మొక్కల కోసం. మొదటిసారి వచ్చినవాడు గేటు దగ్గర నిలబడి, "అంటు మొక్కలున్నాయా?" అని అడిగాడు. దొరసామికి ఒళ్ళు మండింది. "మా తోటలో అంటూ లేదు ముట్టూ లేదు, అన్నీ మంచి మొక్కలే, పో" అని కసిరాడు. లారీవాడు తెల్లబోయి, మొక్క అతుకు మీద వేలు పెట్టి, దీన్నే మేము అంటు అంటామని చెప్పాక ఇద్దరూ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నారు. ఆ ముచ్చట చాలా ఏళ్ళు బేరగాళ్ళకు చెప్పి నవ్వించాడు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. గేటు దగ్గరి ముచ్చట్లు ఇంటిదాకా మోసుకుపోయే అలవాటు ఆ ఇంటి మగవాళ్ళకు లేదు.

ఆ డాక్టరమ్మ ఏ నెల్లూరు మనిషో, ఏ కడప మనిషో. తెలుగువాళ్ళని ముచ్చటపడి తెలుగులో చెప్పింది. ఆవిడ మాటకు అర్థం అతుకు వేయడం. ఈ ఇంట్లో ఆ మాటకు అర్థం మైల, సోకే రోగం. అదే మాట తమిళంలో చెప్పి ఉంటే ఈ కథే లేదు.

దొరసామి నవ్వాడు. ఆ నవ్వు ముక్కులోంచి బుసలాగా వచ్చేసరికి మీనాక్షమ్మ బెదిరిపోయింది. ఆయన లేచి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి తనంతట తానే వెనక్కి గుంజుకుంది. ఆయన వదల్లేదు. ఎన్నో నెలల తర్వాత మొగుడి చెయ్యి తగిలింది. రెండోసారి ఆవిడ గుంజుకోలేదు.

మొక్కల వరస దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. అతుకు మానిన ఒక మొక్కను ముందుకు జరిపి, ఆవిడ వేలిని ఆ అతుకు మీద పెట్టాడు. కింద టెంకమొక్క గరుకు కాండం, పైన సెందూరా లేత కొమ్మ, నడుమ చిన్న ముడి. తర్వాత అదే వేలిని తీసుకుని తన చెంప మీద, పడిపోయిన చోట పెట్టాడు. నోరు తెరిచి లోపలి రంధ్రం చూపించాడు. మళ్ళీ మొక్క. మళ్ళీ నోరు.

"ఒట్టు" అన్నాడు. అది 'ఒణ్ణు' అని వినబడింది.

"ఒణ్ణా?" అంది మీనాక్షమ్మ. తమిళంలో ఆ మాటకు ఒకటి అని అర్థం. "ఏమి ఒకటి? రెండూ ఒకటైనాయి అంటావా?" ఆవిడ మొక్క వంక చూసింది. ఆయన ముఖం వంక చూసింది. వేలు ఇంకా అతుకు మీదే ఉంది. "ఒట్టా? అంటు అంటే ఒట్టా అయ్యా? నీ నోటికి ఒట్టు కడతానన్నాదా ఆయమ్మ?"

దొరసామి తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

మీనాక్షమ్మ నేల మీదే కూలబడింది. "అయ్యో, నా నోట్లో మన్ను పడ! ఒట్టు కట్టమని చెప్తే ఒదిలి పెట్టినామే నిన్ను!" అని తల బాదుకుంటూ ఏడ్చింది. మారియాయి పరుగెత్తుకొచ్చి ఏమైందో తెలియక ఆవిడ చుట్టూ తిరిగింది. చాలాసేపటికి ఏడుపు ఆగాక మీనాక్షమ్మ లేచి, షెడ్డు కిటికీలో ఉన్న గ్లాసు తీసుకుని, ఆయన సగం తాగి పెట్టిన నీళ్ళు పెదవి ఆనించి తాగేసింది. తర్వాత గ్లాసు కొంగులో చుట్టుకుని రోడ్డు దాటి ఇంటికి పోయి, వంటింట్లో మిగతా గ్లాసుల వరసలో పెట్టింది.

సంగతి తెలిశాక శాంతిప్రియ ఆ సాయంత్రమే పిల్లను తెచ్చి మామ ఒళ్ళో కూర్చోబెట్టింది.  లోకనాథన్ మాత్రం ఇంకా తటపటాయించాడు. "అది ప్లాస్టిక్ సర్జరీ నాయనా. సినిమావాళ్ళు అందానికి చేసుకునేది. ఈ వయసులో మళ్ళా కోత ఏమిటికి? ఉండాది చాలదా?" అన్నాడు. వాడి భయం వాడిది. ఒకసారి తండ్రిని ఆపరేషన్ గదిలోకి పంపి బయట నిలబడినవాడు మళ్ళీ నిలబడడానికి జంకుతాడు. సరే, అడిగి చూద్దామని నలుగురూ సేలం పోయారు.

ఆ డాక్టరమ్మ, పేరు ఉష, వాళ్ళను చూడగానే గుర్తుపట్టింది. "ఎందుకమ్మా ఇంతకాలం రాలేదు? కరెంటు పెట్టిన చోట రోగం లేదని చెప్పారు కదా?" అని అడిగింది. మీనాక్షమ్మ తల వంచుకుని జరిగినదంతా చెప్పింది, కంచం సంగతీ, గ్లాసు సంగతీ, పిల్ల చేతులు కడిగిన సంగతీ ఏదీ దాచకుండా. వింటూ వింటూ డాక్టరు ముఖం పాలిపోయింది. 

"తప్పు నాదే" అంది. "మన భాష కదా అని చెప్పేశాను, మీకు అర్థమైందా అని అడగలేదు. అర్థం కాలేదని మీరూ అడగలేదు. మధ్యలో ఈయన నలిగిపోయాడు."

లోకనాథన్ లేచి నిలబడ్డాడు. "డాక్టరమ్మా, నాయనకు ఇది అవసరమా? అందానికి గదా?"

డాక్టరు దొరసామి ముందుకు కుర్చీ జరుపుకుంది. జవాబు కొడుక్కి కాక ఆయనకే చెప్పింది. "తొడ దగ్గరి తోలు, కండ, దానికి నెత్తురు తెచ్చే నాళంతో సహా తీసి మీ అంగిట్లో అమరుస్తాం. ఆ నాళాన్ని మెడలోని నాళంతో కలిపి కుడతాం. నెత్తురు పారితే అతుక్కుంటుంది, మీ మొక్కకు జీవం ఎక్కినట్టే. ఒక్కోసారి పట్టకపోవచ్చు కూడా, అది దాచను. అద్దంలో పాత ముఖం కనబడుతుందని కూడా నేను చెప్పను. అన్నం ముక్కులోకి పోకుండా, మాట గాలిలో కలిసిపోకుండా చేయడానికి ఇది. నలుగురిలో కూర్చుని తినడం, ఇంట్లోవాళ్ళను పేరు పెట్టి పిలవడం అందం కోసం చేసే పనులా?" తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగింది. "కాన్సర్ ఒకరి నుంచి ఒకరికి సోకదు. కలిసి తిన్నా సోకదు, ఎంగిలి తాగినా సోకదు, ముద్దు పెట్టుకున్నా సోకదు. గడ్డ తీసేస్తే సగం వైద్యమే. మనిషిని మళ్ళీ మనుషుల్లో కూర్చోబెట్టడం మిగతా సగం. అందులో నా పని కొంతే, మిగతాది మీ చేతుల్లో ఉంది."

లోకనాథన్ కూర్చున్నాడు. దొరసామి వాడి భుజం మీద చెయ్యి వేసి, డాక్టరు వైపు చూసి తల ఊపాడు.

ఆపరేషన్ పొద్దంతా సాగింది. తర్వాత కొన్ని రోజులు నర్సులు మాటిమాటికీ వచ్చి టార్చి వేసి, అతికించిన తోలు రంగు చూసి పోయేవాళ్ళు. దొరసామికి అది తెలిసిన పనే. కట్టిన కొత్తలో తానూ అలాగే మొక్కమొక్కకూ వంగి, కొమ్మ వాడిందా, పచ్చగా ఉందా అని చూసుకునేవాడు. ముక్కులోంచి వేసిన గొట్టంతోనే తిండి. మీనాక్షమ్మ మంచం పక్కనే కూర్చుని ఆయన చెయ్యి వదల్లేదు. తోలు వాడిపోలేదు. పట్టింది.

ఇంటికి వచ్చాక షెడ్డులో మంచం తీసేశారు. మొదట్లో చెంప పొంగిన పూరీలా ఉబ్బి ఉండేది. తర్వాత కొంత తగ్గింది కానీ రెండు పక్కలూ ఒకటి కాలేదు. కన్ను జారే ఉంది. రచ్చబండ దగ్గర కొందరు ఇప్పటికీ తేరిపార చూస్తారు. చూడనీ అని ఆయన తువ్వాలు భుజం మీదికి దించేశాడు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ చూస్తుండగా చెంబు ఎత్తి, పెదవి తగలకుండా నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. ముక్కులోంచి ఒక్క చుక్క రాలేదు. చెంబు దించి చూస్తే శాంతిప్రియ కళ్ళు తుడుచుకుంటోంది.

మాట మెల్లగా వచ్చింది. ఆస్పత్రిలో నేర్పినట్టు మొక్కల మధ్య కూర్చుని రోజూ సాధన చేసేవాడు. ఒక్కొక్క అక్షరం తిరిగి వచ్చింది. 'ప' మాత్రం మొండికేసింది. పెదవులు బిగించి, గాలి పట్టి, ఒక్కసారి వదలాలి. కొన్నాళ్ళు సగం 'మ', సగం 'ప'గా వచ్చేది. పిల్లను అప్పటిదాకా నందితా అనే పిలిచాడు. సరిగా వచ్చేదాకా పాప అనకూడదని పట్టుదల.

తొలివానలు పడ్డాయి. చిత్తూరు వైపు నుంచి లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. కొత్త డ్రైవరు దిగి, దొరసామి ముఖం చూసి ఒక క్షణం తడబడి, "పెద్దాయనా, అంటు మొక్కలున్నాయా?" అని అడిగాడు.

"ఉండాయి, రా నాయనా" అన్నాడు దొరసామి. డ్రైవరుకు అర్థమైంది. వరసల వైపు నడిచాడు.

అన్నం తెచ్చిన మీనాక్షమ్మ తొట్టి గట్టు మీద మొగుడి పక్కనే కూర్చుని ఉంది. ఆ మాట వినగానే క్యారియరు మూత తీస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇద్దరి నడుమ కూర్చున్న నందిత ముఖం ఎత్తి, "తాతా, అంటు అంటే ఏమి?" అని అడిగింది.

దొరసామి పిల్లను దగ్గరికి లాక్కున్నాడు. పెదవులు బిగించి, గాలి పట్టుకున్నాడు.

"పాపా," అన్నాడు, "అంటు అంటే దూరం పెట్టేది కాదు. దగ్గరికి చేర్చి కట్టేది."